నూనె పెట్టని తలుపు

మా బావ దయ్యాల సినిమాలకు చప్పుళ్లు చేసేవాడు. ఆయన క్యారెట్ విరిస్తే తెరమీద ఎముక విరిగేది, తడి గోనెసంచి నేలకేసి కొడితే శవం పడేది. మనిషి మాత్రం బల్లి కనబడితే మంచం ఎక్కేవాడు.

ఆయన ఆస్తల్లా వంటింటి తలుపే. సన్నగా మొదలై పైపైకి పాకే దాని కిర్రును రికార్డు చేసి ముప్పై సినిమాల్లో వాడాడు. దయ్యాలు మారాయి గానీ తలుపు మారలేదు. "బందులకు కాస్త నూనె పెట్టండి, తల పగిలిపోతోంది" అని మా అక్క పెళ్లయిన నాటినుంచీ మొత్తుకునేది. "అన్నం పెట్టే నోరది, ముయ్యమంటావా?" అనేవాడు.

సినిమాలో ఆ తలుపు తెరుచుకునే ముందు గడియారంతో సహా అన్ని చప్పుళ్లనూ ఆపేసేవాడు. "అరిస్తే ఎవడూ జడవడురా. చప్పుడు ఆగితే జడుస్తాడు" అని నాకు పాఠం చెప్పేవాడు.

కిందటేడు ఒక దర్శకుడు ఆయన పనిని రెండుసార్లు తిప్పి పంపాడు. తలుపు చప్పుడు చెవులు కోసేస్తోందనీ, మూడోసారీ ఇలాగే ఉంటే వేరేవాళ్లను చూసుకుంటాననీ చెప్పాడు. వాడికి చెవుల్లేవని తిట్టుకుంటూ బావ ఇంటికొచ్చాడు. నేనూ అక్కా వంటింట్లో కూరలు తరుగుతున్నాం. తలుపు తోసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నూనె ఎవరు పెట్టారు?"

"నేను ముట్టుకోలేదండీ" అంది అక్క.

"మరి చప్పుడేది?"

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఆయన తోసినప్పుడే అది ఇల్లదిరేలా కిర్రుమంది. బావ మళ్లీ లాగాడు. నేను అలవాటుగా చెవులు మూసుకున్నాను. అది ఆయన చూశాడు.

"అరుస్తోందా?" అని నన్నడిగాడు.

అవునన్నాను. ఆ ఒక్క మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధే.

మాటలు వినడానికి ఢోకా లేదు, సన్నటి కీచులే వినబడకుండా పోయాయి, అవి ఇక రావు అన్నాడు డాక్టరు. తనకు వినబడకే కిర్రు పెంచుతూ పోయానని బావ దర్శకుడికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మిగిలిన పని అక్కను పక్కన కూర్చోబెట్టుకుని పూర్తిచేశాడు. దయ్యమంటే ఆమడ దూరం పరుగెత్తే మా అక్క, చప్పుడు శ్రుతి మించినప్పుడల్లా కళ్లు తెరవకుండానే ఆయన చేయి గిల్లేది. ఆ సినిమాతో బావ పని మానేశాడు.

ఇక ఆ కిర్రుతో ఎవరికీ పని లేదు కదా, అక్క తలనొప్పైనా తగ్గుతుందని మొన్న నూనెడబ్బా పట్టుకెళ్లాను. అక్క దాన్ని నా చేతిలోంచి లాక్కుంది.

"ఉండనీరా. డాక్టర్లు చెప్పినవన్నీ నిజమవుతాయా ఏంటి? ఎప్పుడో ఒకరోజు మళ్లీ వినబడుతుందనుకో, తలుపు నోరు మనమే మూసేస్తే ఆయనకెలా తెలుస్తుంది?"