గరిటె కోసం బేరం

కిరాణా కొట్లలో పుట్టి పెరిగిన వంశం మాది. బేరమాడకుండా తింటే నాకు అరగదు. తొంభైల మొదట్లో ఫిల్మ్ నగర్‌లో ఒంటరిగా అద్దెకుండేవాణ్ణి. అక్కడ మెస్ నడిపే రహమత్ నగర్ నుంచి వచ్చే అక్క, మద్రాసు నుంచి వచ్చిన సినిమావాళ్ళకు సాంబారు, మా కోస్తావాళ్ళకు గోంగూర, తన ఇష్టానికి పచ్చిపులుసు చేసి, తనే వడ్డించేది. నేను రోజూ గరిటె గరిటెకీ పోట్లాడేవాణ్ణి.

"అక్కా, పచ్చిపులుసులో ఉల్లిపాయ ఏదీ?"

"గిన్నెల దుంకి ఎతుక్కో. నీ అసొంటోడు ఇంకొకడుంటే నా దుకాణం బందే."

రోజు మొత్తంలో నాతో ఎవరైనా మాట్లాడారంటే అదే.

ఒకరోజు వెళ్ళేసరికి గిన్నెలన్నీ బల్ల మీద వరసగా ఉన్నాయి. "ఇయ్యాల్టి సంది మీరే ఏసుకోండ్రి, ఎంతన్న తినుండ్రి," అని అక్క గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. ఇన్నాళ్ళూ నేను కొట్లాడిందంతా అడక్కుండానే దొరికింది. పళ్ళెం నింపుకుని మూలన కూర్చుంటే పలకరించే దిక్కు లేదు. లేచి ఆమె దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, ఉల్లిపాయ దొరకడం లేదు. నువ్వే వెయ్యి."

ఆమె నా పళ్ళెంలోకి చూసింది. నిండా ఉల్లిపాయలే.

"ఏసుకున్నవు గదా, ఇంక దేనికి లొల్లి?" అంది, మెల్లగానే.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, బేరమాడకుండా ఆమె గల్లాపెట్టె పక్కనే కూర్చుని తిన్నాను.