హాలండు అత్త

మాబున్నీసా హాలండు చూసివచ్చింది. కడప పెద్ద దర్గా దాటి లోకం చూసిన ఆడవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టాల్సిన ఊరు ఆమెది, లక్కిరెడ్డిపల్లె పక్కన. అలాంటి ఊరి మనిషి విమానమెక్కి యూరప్ తిరిగివచ్చిందంటే మాటలా? పోయి ఏం చూసిందమ్మా అంటే మాత్రం, పిల్లవాడి ముక్కు చూసింది. అది కారినప్పుడల్లా తుడిచింది.

ఇంట్లోనూ తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబం వాళ్ళది. మొగుడు బెంగుళూరులో ఇంకో కాపురం పెట్టుకుంటే, మూడేళ్ళ కూతురు పర్వీన్‌ను అన్న నాగూర్ ఇంట్లో, వదిన రమీజా చేతుల్లో పెట్టి తొంభైమూడులో ఖతర్ వచ్చింది. దోహాలో, అబూ హమూర్‌లో ఒక పెద్దింట్లో ఆయా పని. రెండేళ్ళు చేస్తే ఒకసారి లీవు, రానూపోనూ టికెట్టు అని ఒప్పందం. ఆ రెండేళ్ళూ పళ్ళబిగువున గడిపింది. లీవు దగ్గరపడ్డాక పాలపొడి డబ్బాలు, చిన్న గౌన్లు అట్టపెట్టెలో సర్ది, నైలాన్ తాడుతో కట్టి మంచం కిందికి తోసింది. 'ఆగస్టులో వస్తాండా, పాపకు చెప్పండి' అని క్యాసెట్‌లో మాట పంపింది.

సరిగ్గా అప్పుడే ఇంటి మేడమ్‌కు హాలండు మీదికి మనసు పోయింది.

"సాలెం నువ్వు లేకుంటే నిద్రపోడు. నువ్వూ రావాలి" అంది. సాలెం అంటే ఆమె చిన్నకొడుకు.

"నా లీవు మేడమ్?"

"వచ్చాక చూద్దాం. మాఫీ ముష్కిల్."

ఏ ఇబ్బందీ లేదని ఆ మాటకు అర్థం. అనేవాళ్ళకు నిజంగానే ఉండదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలవల మీద పడవలు తిరుగుతాయి. టికెట్లు ఇంటివాళ్ళ వరకే తీశారు. మాబున్నీసా పిల్లల బండి పట్టుకుని గట్టున నిలబడింది. ఇంకో ఊళ్ళో అందరూ గాలిమర ఎక్కి పైనుంచి చేతులూపుతుంటే ఆమె కింద సంచులకూ గొడుగులకూ కాపలా కాసింది. అయ్యగారికి ఆ దేశపు తిండి సయించదు కాబట్టి దోహా నుంచి మోసుకెళ్ళిన బియ్యంతో, మసాలాలతో రెండుపూటలా వంట. పల్లెల మీదుగా పోయేటప్పుడు వ్యానులో వెనక సీటు ఆమెది. పచ్చిక, నల్లమచ్చల ఆవులు, తిన్నగా గీత గీసినట్టు నీటికాలవలు కిటికీలో కనిపిస్తున్నంతలో సాలెం కక్కేవాడు. తుడిచి తలెత్తేసరికి ఆ ఊరు వెళ్ళిపోయేది.

ఒక్కటి మాత్రం కళ్ళారా చూసింది. వాన తుంపరలో ఒకామె సైకిలు తొక్కుకుంటూ పోతోంది. ముందు చిన్న సీటులో పర్వీన్ ఈడు పిల్ల, తల్లి చేతుల మధ్య కూర్చుని ఏదో వాగుతోంది. అంత గొప్ప దేశంలో మాబున్నీసాకు కడుపుమంట పుట్టించింది ఆ సైకిలొక్కటే. నడిబజారులో ఏడ్చేసింది. చలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయనుకుని మేడమ్ తన శాలువా తీసి ఇచ్చింది. మంచిదే ఆమె, శాలువాల వరకు.

వోలెండామ్ అనే చేపలవాళ్ళ ఊళ్ళో ఒక ఫోటో స్టూడియో ఉంది. చూడవచ్చినవాళ్ళకు పాతకాలపు వేషం వేసి ఫోటో తీస్తారు. కొమ్ముల్లా లేచిన తెల్ల టోపీ, చారల బట్టలు, కర్రబూట్లు. సాలెం చంక దిగనంటే ఆమెకూ వేషం కట్టారు. పిల్లవాణ్ణి నవ్వించాలని ఫోటోవాడు బాతులా అరిచాడు. పిల్లవాడు నవ్వలేదు, మాబున్నీసా నవ్వింది. ఆ ఫోటో చెడిపోయిందని మేడమ్ ఆమెకే ఇచ్చేసింది. ఆ ప్రయాణం మొత్తంలో ఆమె నవ్విన నవ్వు అదొక్కటే. అదే కొంప ముంచింది.

దోహా తిరిగొచ్చాక లీవు అడిగితే మేడమ్ నిజంగానే ఆశ్చర్యపోయింది.

"ఇప్పుడేగా తిరిగొచ్చాం? అంత దేశం చూపించాం. ఖలాస్, ఈసారి లీవు అయిపోయింది. వచ్చే ఏడు చూద్దాం."

పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంది. కాళ్ళావేళ్ళా పడితే మేడమ్ టీవీ పెట్టుకుంది.

ఖతర్‌లోనే అల్ ఖోర్ అనే ఊళ్ళో పనిచేసే పక్కూరి గిరి లీవు మీద ఇండియా పోతుంటే అతని చేత పెట్టె పంపింది. పెట్టెతోపాటు ఒక క్యాసెట్టూ, ఆ ఫోటో. తప్పు చేసింది ఇక్కడే. గల్ఫ్ నుంచి క్యాసెట్ వచ్చిందంటే ఇంటివాళ్ళు ఒక్కరే వినరు, వీధి వీధంతా చాపలేసుకుని కూర్చుంటుంది. అందులో కష్టం చెప్పుకుంటే అన్నకు తలవంపు, మొగుడి తరఫువాళ్ళకు పండగ. అందుకని, గల్ఫ్ వచ్చిన ఆడవాళ్ళందరూ చెప్పే మాటే తనూ చెప్పింది. 'నన్ను బంగారంగా చూసుకుంటాండారు. హాలండు తీసకపోయినారు. వచ్చే ఏడు వస్తా.' లీవు ఎగ్గొట్టారన్న మాట నోరు దాటలేదు.

గిరి తిరిగొస్తూ జవాబు క్యాసెట్ తెచ్చాడు. ఇంట్లో వినడానికి వీల్లేదు. ఆ ఇంటి డ్రైవరు తిరుపాలుది పులివెందుల పక్క ఊరు, ఆమెను అక్కా అంటాడు. సరుకులకని ఇద్దరూ బయల్దేరిన రోజు హోల్‌సేల్ మార్కెట్ దగ్గర కారు నీడకు ఆపి, తన టేప్‌రికార్డరులో పెట్టాడు.

ముందు నాగూర్ గొంతు. "టోపీ పెట్టుకోని బాగా నవ్వుతాండావులేమ్మే. ఆగస్టంతా బస్సు వచ్చినప్పుడల్లా బిడ్డ రోడ్డు మీదికి పరిగెత్తె. నీకు షికారు ముఖ్యమైపాయ. ఇంగ నువ్వు వచ్చినా రాకున్నా మాకొకటే."

తర్వాత రమీజా బతిమాలుతోంది. "పర్వీనూ, మాట్లాడే." పిల్లల గుసగుసలు. రమీజా పిల్లలిద్దరూ మాబున్నీసాను అత్త అంటారు, రమీజాను ఎలాగూ అమ్మ అంటారు. ఆ పిల్లల్లో పిల్లగా పెరిగిన పర్వీన్ గొంతు సవరించుకుంది.

"హాలండు అత్తా, బాగుండావా? ఫోటోలో టోపీ నాకూ తే."

"అత్త కాదే, అమ్మ" అంది రమీజా గొంతు తగ్గించి.

"మరి నువ్వు?"

అక్కడ ఎవరో నవ్వారు. టేపు గరగరలాడి ఆగిపోయింది.

తిరుపాలు కాసేపు స్టీరింగు తుడిచాడు. తుడవడానికి అక్కడ దుమ్మేమీ లేదు. "అక్కా, కొత్త క్యాసెట్ తెచ్చినా. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు. లీవు ఇయ్యల్యా అని చెప్పు, ఏడ్చినా అని చెప్పు. వీధంతా విననీ. నీ బిడ్డ నీకు దక్కాలంటే చెప్పాల్సిందే."

చెప్పాలనే ఆమె బటన్ నొక్కింది. "అన్నా, నేను షికారు పోలేదు..." అని మొదలుపెట్టింది. వీధిలో చాపలు కళ్ళకు కట్టాయి. ఆ చాపల మధ్య రమీజా ఒళ్ళో పర్వీన్. నిజం చెబితే ఆ బిడ్డకు ఏం మిగులుతుంది? ఒళ్ళో పెట్టుకున్న అమ్మ అమ్మ కాదనీ, కన్నది ఎప్పుడొస్తుందో కన్నదానికే తెలియదనీ తెలుస్తుంది. మళ్ళీ ఆగస్టంతా బస్సుల వెంట పరుగులు. వచ్చే ఏడు మేడమ్ మనసు ఏ దేశం మీదికి పోతుందో ఎవరికెరుక?

టేపు వెనక్కి తిప్పి మళ్ళీ నొక్కింది.

"పర్వీనూ, బాగుండానమ్మా. టోపీ తెస్తాలే. మీ అమ్మ చెప్పినట్టు విను." నిదానంగా అంది. "ఉంటానమ్మా. మీ అత్తను."

తిరుపాలు ఏదో అనబోయాడు. ఆమె బటన్ నొక్కి టేపు ఆపేసింది.

"యల్లా, పోదాం పద. సాలెం లేచే యాళైంది."