పెద్దమామ చెయ్యి ఎత్తిన సాయంత్రం

పోయిన నెల మా మనవరాలు నన్ను బెంగళూరులో ఒక కొత్త పాటల నాటకానికి తీసుకుపోయింది. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు, అంతా బాగానే ఉంది. మా ముందు వరుసలో ఒక పెద్దమనిషి, భుజాన పట్టు కండువాతో, తెర లేచింది మొదలు పక్కనున్న భార్యకు ప్రతి పాటకూ వ్యాఖ్యానం చెబుతున్నాడు. ఈ పాట అసలు ఇలా పాడకూడదట. ఇదే నాటకం ఆయన వేరే ఊళ్ళో, వేరే జట్టుతో, ఇంతకంటే గొప్పగా చూశాడట. అంతటితో ఆగినా బాగుండేది. స్టేజీ మీది అమ్మాయి నోరు తెరవకముందే పల్లవి తానే అందుకుని నలుగురికీ వినబడేట్టు కూనిరాగం తీశాడు. మా మనవరాలు వంగి, కొంచెం నెమ్మదిగా అని బతిమాలింది. ఆయన వెనక్కి తిరిగి, టికెట్టు లేకుండా దూరినవాళ్ళను చూసినట్టు మమ్మల్నిద్దరినీ చూశాడు. పిల్లకు ఒళ్ళు మండింది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. ఎందుకవ్వా నవ్వుతావు అని దారి పొడుగునా అడిగింది. మా పెద్దమామ గుర్తుకొచ్చినాడు తల్లీ అన్నాను, ఆయనెవరో చెప్పడానికి ఇల్లు చేరేదాకా పట్టింది.

నేను కుప్పం పక్కనుంచి తమిళనాడులో ధర్మపురి అంచున ఉన్న సోగత్తూరుకు కోడలిగా వచ్చింది ఎనభైల మొదట్లో. మా అత్తగారిది పాడి ఉన్న ఇల్లు. తెల్లవారకముందే పాలు పితికి టౌనులో టీ అంగళ్ళకూ నాలుగు వీధుల ఇళ్ళకూ పోయడం, ఆ తరువాత చేను. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా మామకు పాడీ చేనూ కాక మూడో బతుకు ఒకటుండేది. ఆయన హార్మోనియం వాయించేవాడు, నాటకాలు నేర్పేవాడు. వాళ్ళ నాయన కట్టిన తెలుగు నాటకం ఒకటి ఇంటి ఆస్తిగా వచ్చింది. రాజు అన్యాయంగా చెరలో వేసిన మొగుణ్ణి విడిపించుకోవడానికి ఒక చిన్న సీమ రాణి నిండు సభలోకి వచ్చి వాదించే కథ. ఏడాదికొకసారి అమ్మవారి పండుగలో ఆ నాటకం ఆడేవాళ్ళు. కంబైనల్లూరు నుంచి బస్సెక్కి, వత్తల్‌మలై కొండ మీదనుంచి నడిచి జనం వచ్చేవాళ్ళు. దీపాలు పెట్టగానే మొదలుపెట్టి కంబైనల్లూరు చివరి బస్సుకు ముందే ముగించాలి. ఆ బస్సు కండక్టరు కూడా జనంలోనే నిలబడి చూస్తుండేవాడు కాబట్టి ఎప్పుడూ పెద్ద ఇబ్బంది రాలేదు.

జనమంతా నేల మీద. ముందు మాత్రం ఒక వరుస మడత కుర్చీలు. వాటి వీపు మీద సుద్దముక్కతో పేర్లు రాసి ఉండేవి, పొరపాటున కూడా ఇంకొకరు కూర్చోకుండా. ఊళ్ళో రసికులంటే వీళ్ళే. వీళ్ళంతా వయసులో ఉన్నప్పుడు సేలం పోయి పెద్ద పెద్ద కంపెనీ నాటకాలు చూసి వచ్చినవాళ్ళు. ఆ ఒక్క పుణ్యంతో మిగతా జన్మంతా మమ్మల్ని తక్కువగా చూసే హక్కు సంపాదించుకున్నారు. నటుడు పద్యం ఎత్తుకుంటే వీళ్ళు అడ్డంగా తల ఊపేవాళ్ళు. నచ్చిన చోట కూడా మెచ్చుకోలు నటుడికి పోయేది కాదు, "సేలంలో ఆయన పాడినాడు చూడు" అని ఎప్పుడో పోయినవాడికి పోయేది. వెనక ఏ పసిబిడ్డ ఏడ్చినా అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి ఆ తల్లిని చూసేవాళ్ళు, పాపం ఆమె బిడ్డనెత్తుకుని చీకట్లోకి పోయేది. అన్నిటికంటే పెద్ద శిక్ష ఇంకొకటుంది. పాట బొత్తిగా నచ్చకపోతే అందరూ కలిసి లేచి, కుర్చీలు టపటపా మడిచి, చంకన పెట్టుకుని నడిచిపోయేవాళ్ళు. ఆ చప్పుడు విన్న నటుడు మళ్ళీ ఆ ఊళ్ళో ముఖానికి రంగు వేసుకునేవాడు కాదు.

ఈ వరుసకు నడిమి కుర్చీ మా పెద్దమామది. మా మామకు స్వయానా అన్న, టౌనులో ఎరువుల అంగడి. సింగపూరు నుంచి ఎవరో తెచ్చిన టేపురికార్డరు ఒకటి కొన్నాడు. ఊళ్ళో అది మొదటిది కావడంతో నాటకం దానికోసమే ఆడుతున్నట్టు తయారైంది. దాన్ని స్టేజీ అంచున, మైకు కాళ్ళ దగ్గర, కింద ఎర్రటి తువ్వాలు పరిచి పెట్టేవాడు. క్యాసెట్టు ఒక పక్క అయిపోగానే మీట టక్కున లేచేది. వెంటనే పెద్దమామ అరచెయ్యి ఎత్తేవాడు. అంతే, నాటకం ఎక్కడిదక్కడ ఆగిపోవాలి. ఆయన నిదానంగా లేచి, క్యాసెట్టు తీసి, ఊది, తిప్పి పెట్టి, మీట నొక్కి, కూర్చుని, పంచె సర్దుకుని, "ఊఁ, కానీ" అంటే అప్పుడు సాగాలి. ఒకసారి సేనాపతి ఎత్తిన కత్తి దించకుండా నిలబడి ఉండగా, చావబోయేవాడు కింద కూర్చుని మోకాలు గీరుకోవడం నేను చూశాను. మా మామ చేతులు కూడా అలవాటుపడి, ఆ టక్కుమనే చప్పుడుకే హార్మోనియం మెట్ల మీద నుంచి లేచిపోయేవి. ఆయనకు అన్న మాటంటే వేదం.

రాణి వేషం ఏళ్ళ తరబడి టౌనులో ఒక టైలరు కట్టేవాడు. ఆయన కూతురి దగ్గరికి బెంగళూరు వెళ్ళిపోయాడు. రాణి లేని నాటకం ఎట్లా అని మా మామ తల పట్టుకుని కూర్చున్నప్పుడు, మా వదిన గడ్డి మోపు దించుతూ, "నేను కట్టుతాను నాయనా" అంది. వదిన మా ఆయనకు అక్క. మేనమామకే ఇచ్చి చేశారు కాబట్టి ఒకే ఊరు, ఒకే పశువుల కొట్టం. ఆ నాటకం ఆమెకు మొదటినుంచి చివరిదాకా నోటికి వచ్చు. రోజూ పాలు పితికేటప్పుడు ఆ రాణి పాటలే పాడేది. ఆడది వేషం కట్టడం ఆ జట్టులో అంతకుముందు లేదు.

కబురు ముందు వరుసకు చేరింది. పెద్దమామ సైకిలు దిగకుండానే వాకిట్లో కాలు ఆనించి, "ఏందిరా ఇది? ఆడది ఆడవేషం కట్టితే అందులో కళ ఏముండాది? మొగోడు కట్టి ఆడదాని మాదిరి నడిస్తే అది కళ. ఇది ఊరికే నడిచినట్టు గదా" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన పోయినాక మా మామ వదినను పిలిచి, "ఒక్క తూరి కట్టు. ముందు వరస లేసి పోయిందంటే మళ్ళా మైకు జోలికి పోకూడదు. సరేనా?" అన్నాడు. వదిన, "సరే నాయనా" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూసింది నేనే. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి, బతుకులో తనకోసం అడిగింది అదొక్కటే. అది దక్కకపోతే ఈమె కొట్టంలో కూడా పాడడం మానేస్తుందని నాకు భయం పట్టుకుంది.

పండుగనాడు నా పెళ్ళి చీరే ఆమెకు కట్టాను. నటులు మాట మరిచిపోతే అందించడానికి పక్క తెర వెనక పుస్తకం పట్టుకుని నిలబడింది కూడా నేనే. మొదటి రంగాల్లో ముందు వరుస చేతులు కట్టుకుని కూర్చుంది. అడ్డంగా గానీ నిలువుగా గానీ తలలు ఊగలేదు. తరువాత సభ రంగం వచ్చింది. రాణి వాదన అంతా ఒకటే పాట, నాటకానికి ప్రాణం అది. "ఏలినవాడవు నీవే, ఎవరికి చెప్పుకొందు" అని వదిన ఎత్తుకుంది. టైలరు ఈ పాటను చేతులు తిప్పుతూ, కళ్ళు ఆర్పుతూ ముద్దుగా పాడేవాడు. వదిన చేతులు రెండూ కిందికి వదిలేసి, పొద్దున టీ అంగడివాడితో పాల లెక్క తేల్చుకునే మనిషిలా నిలబడి పాడింది. జనంలో చిన్న కదలిక కూడా లేదు. పాట సగానికి వచ్చి గొంతు పైకి ఎక్కుతుండగా, టక్కుమని మీట లేచింది.

పెద్దమామ చెయ్యి ఎత్తాడు. మా మామ చేతులు హార్మోనియం మీద నుంచి లేచిపోయాయి. మద్దెల ఆగిపోయింది. వదిన ఆ చేతిని చూసింది, చూసినట్టు నాకు తెలుసు. ఆమె ఆగలేదు. ఏ వాద్యమూ లేకుండా ఒక్క గొంతే పైకి పోతూ ఉంది. పెద్దమామకు అర్థం కాలేదేమో, చెయ్యి ఇంకొంచెం ఎత్తాడు. అయినా ఆగకపోయేసరికి లేచి నిలబడ్డాడు. ఆయన లేచాడంటే అదే గుర్తనుకుని వరుస మొత్తం లేచింది. కుర్చీలు టపటపా మడిచారు. నా చేతిలో పుస్తకం జారిపోయింది. షరతు షరతే, వదిన పాట అక్కడితో సరి అనుకుని కళ్ళు మూసుకున్నాను.

మూసుకున్న కళ్ళకు హార్మోనియం వినబడింది. మా మామ అన్న వైపు చూడకుండా, తల వంచుకుని, కూతురు పాడుతున్న చోట వచ్చి కలిశాడు. వెతుక్కోవలసిన పని పడలేదు ఆయనకు, వదిన శ్రుతి వెంట్రుకవాసి కూడా జరగలేదు. మద్దెల కూడా అందుకుంది. అప్పుడు వెనకనుంచి కంబైనల్లూరు ఆడమనిషి ఒకతె గట్టిగా, "సామీ, కూసోండి, మాకు స్టేజీ మరుగైతా ఉండాది" అంది. ఆ మాట పట్టుకుని వెనకనున్న జనమంతా కూసోండి కూసోండి అన్నారు. ముందు వరుస పెద్దమామ ముఖం చూసింది. పెద్దమామ టేపురికార్డరు వైపు చూశాడు. అది తీసుకోకుండా పోలేడు. తీసుకోవాలంటే పాడుతున్న రాణి కాళ్ళ దగ్గర నిండు జనం ముందు వంగాలి. ఆయన మెల్లగా కూర్చున్నాడు. మిగతావాళ్ళు మడిచిన కుర్చీలు మళ్ళీ విప్పడానికి అవస్థ పడుతుంటే వెనక పిల్లలు నవ్వారు, రసికుల్లో ఒకాయనైతే కుర్చీ మడతలో వేలు నలుపుకుని, పెదవి బిగబట్టి నేల మీదే చతికిలబడ్డాడు. పాట ముగిసినప్పుడు లేచిన కేకలు ఆ స్టేజీ అంతకుముందు విని ఉండదు. ఇంకొకసారి అని అరిచినవాళ్ళలో చివరి బస్సు కండక్టరు గొంతు నాకు స్పష్టంగా వినబడింది. వదిన మళ్ళీ మొత్తం పాడింది, బస్సు ఆలస్యంగా పోయింది, నేను తెర వెనక వెక్కి వెక్కి ఏడ్చాను.

అసలు విజయం ఆ తరువాత వచ్చింది. బస్టాండు టీ అంగళ్ళలో పెద్దమామ క్యాసెట్టు పెట్టడం అప్పటికే మామూలు. ఈసారి రాణి పాట సగంలో తెగిపోయేది. టీ తాగేవాళ్ళు మిగతాది ఏదని గొడవ చేశారు. నడిమిలో నిలిచిన పాట పెట్టినందుకు అంగడివాళ్ళు ఆయన్నే నిలదీశారు. వారం గడిచినాక ఒక సాయంత్రం పాలు పితికే వేళకు పెద్దమామ టేపురికార్డరు చంకన పెట్టుకుని కొట్టం వాకిట్లో నిలబడ్డాడు. పేడ తొక్కకుండా పంచె ఎత్తి పట్టుకుని, "అమ్మే, ఆ పాట ఇంకొక తూరి పాడితే పట్టుకుంటాను" అన్నాడు. పొడుగు క్యాసెట్టు తెచ్చానని కూడా అన్నాడు.

వదిన లేవలేదు. పొదుగు కడుగుతూనే, "పాడతాను పెదనాయనా. ఆవు చేపినాక పితికేది నడాన ఆపితే మళ్ళా పాలియ్యదు. పాట గూడా అంతే. ఆపమని అడగద్దు" అంది. ఆయన అడగనన్నాడు. "అయితే ఈ దూడను పట్టుకో, రెండు చేతులా పట్టుకో, ఊరికే లాగుతాది" అని దూడ తాడు ఆయన చేతికిచ్చింది. అలా మా పెద్దమామ, ముందు వరుసకు నడిమి కుర్చీ మనిషి, ఎత్తడానికి చెయ్యి ఖాళీ లేకుండా కొట్టంలో నిలబడి పాట మొత్తం విన్నాడు. మా మామ కూడా వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు, షరతు సంగతి ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. పాట అయిపోయినాక పెద్దమామ కళ్ళు తడిగా ఉన్నాయి. దూడ లాగిన లాగుడుకు చేతులు నొప్పి అని చెప్పుకున్నాడు. ఆ క్యాసెట్టులో పాట వెనక పాలధార చప్పుడు, మధ్యలో దూడ అరుపు ఉండేవి. బస్టాండులో చాలా ఏళ్ళు అదే మోగింది.

వదిన రాణి వేషం పళ్ళు కదిలేదాకా కట్టింది. పెద్దమామ మాత్రం మారలేదు, పోయేదాకా సుద్దముక్కతో పేరు రాసిన కుర్చీలోనే కూర్చున్నాడు. కాకపోతే సేలం మాట తగ్గించి, "ఆ బిడ్డ గొంతు మొదట పట్టింది నేనే" అని అందరికీ చెప్పేవాడు, పట్టింది క్యాసెట్టులోకని మాకు మాత్రం తెలుసు. ఆయన పోయినాక ఆ కుర్చీ వదినకిచ్చారు. ఒక పండుగకు నేను ఊరికి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. మా ఇంట్లోనే పుట్టిన ఒక పిల్ల రాణి వేషం కట్టి సభ పాట ఎత్తుకుంది. గొంతు ఇంకా పచ్చిగా ఉంది. పక్క కుర్చీ ఆయన వదిన వైపు వంగి, "ఏమన్నా చెప్పు, నీ కాలంలో నువ్వు పాడినట్టు ఎవురు పాడతారు" అన్నాడు. వదిన ఆయన వైపు తిరగను కూడా తిరగలేదు. "మాట్లాడద్దు, బిడ్డ పాడతా ఉండాది" అంది. బతికితే కాలం అందరినీ ఎప్పుడో ఒకప్పుడు ముందు వరుసలో కూర్చోబెడుతుంది, అక్కడ చేతులు ఒళ్ళో పెట్టుకుని వినడం మాత్రం మనం నేర్చుకోవలసిందే.