మార్తమ్మ అనని ఆమేన్

మార్తమ్మ చేతులు ఊరుకోవు. ఆదివారం ఆరాధన ముగియగానే గిన్నెలో అన్నం సర్దుకొని గిద్దలూరు స్టేషన్‌కు నడుస్తుంది. అక్కడ అరుగు మీద ఉండే ముసలాయన అన్నం తింటాడు, దుప్పటి మాత్రం తీసుకోడు. ఈసారి ఆమె చర్చి వెనక గది ఊడ్చి మరీ వచ్చింది.

“చలి ముదురుతాంది నాయనా. వచ్చి గదిలో పండుకో.”

“తలుపుంటే నాకు నిద్ర రాదమ్మా. నన్ను వదిలెయ్యమని మీ దేవునికి చెప్పు.”

“ఆయన వదిలినా నేను వదలను” అని ఆమె కళ్ళు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టింది. ప్రార్థన మధ్యలో అతను లేచి వెళ్ళిపోవడం మామూలే. గబగబా ఆమేన్ అనేసి ఆమె అతని వెంటపడడమూ మామూలే. అతను తన మూట ఎత్తుకున్న చప్పుడు వినిపించింది. మార్తమ్మ వేళ్ళు కొంగును నలిపాయి. ఆ అడుగులు వినపడనంత దూరం పోయేదాకా ఆమె ఆమేన్ అనలేదు.