నేను తిన్నగా చేసిన స్కీ

2002 శీతాకాలం. నాటింగ్‌హామ్ ఊరి చివర ఒక డ్రై స్లోప్‌లో నేను స్కీలు బాగుచేసే పని చేసేవాణ్ని. డ్రై స్లోప్ అంటే మంచు లేని మంచుకొండ. గుట్ట వాలంతా బ్రష్షుల్లాంటి ప్లాస్టిక్ చాపలు పరిచి, వాటిమీద నీళ్లు చిమ్ముతూ ఉంటారు. మంచు సరిగా పడని ఆ దేశంలో జనం వాటిమీదే జారడం నేర్చుకుని, సెలవుల్లో ఆల్ప్స్ కొండలకు వెళ్తారు. మొదటిసారి చూసినప్పుడు, వీళ్లకేం పోయేకాలం, డబ్బులిచ్చి మరీ చీపుళ్ల మీద జారుతున్నారు అనుకున్నాను.

కాకినాడ పక్కన ఉప్పాడలో పుట్టినవాడికి స్కీలతో ఏం పని అని మీరడగవచ్చు. నా భార్య రూతు నర్సు. ఆమెకు నాటింగ్‌హామ్ ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే వెనకాలే నేనూ విమానం ఎక్కాను. నేను ఐటీఐ ఫిట్టర్‌ని. స్లోప్ వాళ్లకు చేతిపని తెలిసిన మనిషి కావలసివచ్చింది. దావీదు అన్న నా పేరు వారం తిరక్కుండా డేవ్ అయిపోయింది. అక్కడివాళ్లు మాట చివర 'మీ డక్' అంటారు, అంటే 'నా బాతూ' అని. నన్ను పట్టుకుని బాతంటారా అని మొదటిరోజు నాకు ఒళ్లు మండిపోయింది. అది మన 'నాయనా' లాంటి ముద్దుమాట అని రూతు వార్డులో కనుక్కుని వచ్చి చెబితేగానీ చల్లబడలేదు.

రెండేళ్లలో పని చేతికి పట్టుబడింది. స్కీ అంచున ఉండే ఉక్కు బద్ద పేరు ఎడ్జ్. దాన్ని ఆకురాయితో పదును పెట్టాలి. బూటును పట్టి ఉంచే కొక్కెం పేరు బైండింగ్. మనిషి పడినప్పుడు అది ఊడాలి, పడనప్పుడు ఊడకూడదు. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది క్యాంబర్. రెండు స్కీల అడుగుభాగాలు ఎదురెదురుగా ఆనిస్తే చివరలు రెండూ తాకి, నడుమ ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీయే క్యాంబర్. మనిషి ఎక్కి నిలబడగానే ఆ బరువుకు నడుము దిగి, చివరలు నేలను గట్టిగా పట్టుకుంటాయి. ఆ పట్టును విడిపించి మలుపు తిప్పాలంటే మోకాళ్లలో సత్తువ ఉండాలి.

ఆ స్లోప్‌లో కెన్‌ను ఎరగనివాళ్లు లేరు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. ఫౌండ్రీలో పోతపోయడానికి చెక్క నమూనాలు చెక్కే పని చేసి రిటైరయ్యాడు. ఆయనా, ఆయన భార్య జీనూ ఇరవై ఏళ్లపాటు అక్కడ పిల్లలకు జారడం నేర్పారు. జీన్ మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఎడమ కాలిలో బలం తగ్గిపోయింది. ఆయన జారుతూ ఉంటే ఆవిడ కెఫెలో అద్దం వెనక టీ పట్టుకుని కూర్చునేది. కొన్నాళ్లకు అదీ మానేసింది.

ఆ ఏడాది కెన్ కనబడినవాడికల్లా ఒకటే మాట చెప్పేవాడు. తన షెడ్డులో కొత్తరకం స్కీ తయారుచేస్తున్నానని, దానికి క్యాంబర్ తలకిందులుగా ఉంటుందని, నడుము నేలను తాకి చివరలు రెండూ పైకి లేస్తాయని. ఇన్‌స్ట్రక్టర్లు కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. స్లోప్ మేనేజరు గ్రాహం అయితే ఆయన గేటు దాటి లోపలికి రాగానే, "అరటిపండు ఎంతవరకు పండింది కెన్?" అనేవాడు. నేనూ తక్కువ తినలేదు. "జారడానికి పండెందుకు, తొక్క చాలు కదా!" అని నేనే ఒక జోకు వేసి అందరిచేతా భుజం తట్టించుకున్నాను. కెన్ మాత్రం నవ్వి ఊరుకునేవాడు. ఆ స్కీలు ఎవరికని మాలో ఒక్కడూ అడగలేదు.

చివరికి గ్రాహం విసిగిపోయి ఒక ఆదివారం ఉదయం, గేట్లు తెరవకముందు పది నిమిషాలు ఇచ్చాడు. "ఒక్కసారి కెన్. పనిచేయకపోతే ఇంక ఈ ఊసు నా దగ్గర ఎత్తకూడదు" అన్నాడు. షరతు ఏమిటంటే, ఇంట్లో చేసిన స్కీ కాబట్టి వర్క్‌షాపులో పరీక్ష చేయించి నా సంతకం తీసుకోవాలి. గురువారం నాకు సెలవు. కెన్ ఆ రోజే స్కీలు తెచ్చి గ్రాహం చేతికిచ్చి వెళ్లాడు.

శుక్రవారం వచ్చేసరికి నా బల్ల మీద ఒక నల్లటి జత ఉంది. మా చీటీల మీద పేర్లు ఉండవు, నంబరే ఉంటుంది. పేరు కౌంటరు పుస్తకంలో రాసుకుంటారు. ఈ చీటీ మీద గ్రాహం రాతలో రెండు మాటలున్నాయి. ఎడ్జెస్. దానికింద పెద్ద అక్షరాలతో, బెంట్. ఆనించి చూస్తే నడుము తాకుతోంది, చివరలు రెండేసి వేళ్ల మందాన విడిపోయాయి. ఎవరో మహానుభావుడు హీటరు పక్కన పడేసి ఉంటాడు, వంకరపోయాయి అనుకున్నాను. కెన్ స్కీలేమో అన్న ఆలోచనే రాలేదు. ఆయనవి నిజంగానే అరటిపండులా ఉంటాయని ఊహించుకున్నాను మరి. ఇవి చూస్తే కంపెనీ సరుకులా నున్నగా మెరిసిపోతున్నాయి.

వంకరలు తీయడానికి నేను సొంతంగా ఒక వేడిపెట్టె చేసుకున్నాను. ప్లైవుడ్ పెట్టె, లోపల హీటరు, బిగించడానికి క్లాంపులు. కంపెనీ స్కీ అయితే రెండు రోజులు బిగిస్తేగానీ వెంట్రుకవాసి కదలదు. ఇది సాయంత్రానికే చెప్పినమాట విన్నది. అంత తేలిగ్గా లొంగినప్పుడే అనుమానం రావాలి. బైండింగులు ఆడవాళ్ల చిన్న బూటుకు సరిపడా బిగించి ఉన్నాయి, అదీ చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. నా పనితనానికి నేనే మురిసిపోతూ ఇంటికి వెళ్లాను.

శనివారం మధ్యాహ్నం రెండోదాన్ని పెట్టెలో పెట్టబోతుంటే కెన్ వచ్చాడు. "ఏవి డేవ్, నా స్కీలు? సంతకం పెట్టావా?" అన్నాడు. ఆయన చూపు బల్ల మీదికి వెళ్లింది.

"ఇవి మీవా? వంకరపోయాయని ఒకదాన్ని సరిచేశాను..." అంటూ నసిగాను.

ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు. రెండు స్కీలూ పక్కపక్కన పెట్టి, తిన్నగా ఉన్నదాని మీద బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివరకు రాశాడు. తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు. "ఎనిమిది నెలలు" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండును. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడే గ్రాహం తలుపులోంచి తొంగిచూసి, "ఇప్పుడు అచ్చం స్కీలాగే ఉంది!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"చీటీ మీద బెంట్ అని రాసింది నువ్వే కదా?" అన్నాను.

"అది జోకు, డేవ్!"

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీదని చూపించను? నవ్వినవాళ్లలో నేనూ ఒకణ్ని. అతను ఎగతాళికి రాశాడు, నేను పని పురమాయించాడనుకున్నాను. పప్పులో కాలేసింది మాత్రం నేనే.

గ్రాహం వెళ్లిపోయాక కెన్ మెల్లగా చెప్పాడు. "అవి నాకు కాదు డేవ్, జీన్‌కి. చివరలు నేలను పట్టుకోకపోతే తిప్పడానికి బలం అక్కర్లేదు. అరికాలు తిప్పితే స్కీ తిరుగుతుంది. రేపు చూడటానికి రమ్మని మాత్రం చెప్పాను. ఎక్కేది తనే అని తనకు తెలియదు. ఈ ఒక్కసారి రప్పించడానికే నాకు తలప్రాణం తోకకొచ్చింది. రేపు తప్పితే ఇంక రాదు."

క్షమించమని ఎన్నిసార్లు అన్నానో నాకే గుర్తులేదు. ఆయన మాత్రం ఉన్నట్టుండి తలెత్తి, "అసలు అంత సులువుగా ఎలా వంగింది?" అని అడిగాడు. మళ్లీ తనే జవాబు చెప్పుకున్నాడు. "జిగురు! షెడ్డు చలిలో ఆరబెట్టాను. వేడి తగిలితే మెత్తబడుతుంది." ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మెత్తబడి తిన్నగా అయినది మెత్తబడితే మళ్లీ వంగదా! నేను ముట్టుకోని రెండో స్కీ కొలత చెప్పడానికి ఉండనే ఉంది.

రూతుకు ఫోన్ చేశాను. ఆ సాయంత్రం మా తెలుగువాళ్ల ప్రార్థన కూటం మా ఇంట్లోనే.

"ఏవండీ, మనుషులొచ్చే వేళకి ఇంటాయన లేకపోతే ఎలాగండీ?" అంది. జరిగింది చెప్పాను. ఇంక అందుకుంది. "ఎవరివో, ఏంటో అడగడానికి నోరు లేదాండీ మీకు? నేను మందు ఇచ్చేముందు పేషెంటు పేరు రెండుసార్లు అడుగుతాను, తెలుసా! సరేలెండి, కూటం సంగతి నేను చూసుకుంటాను. ఆ పెద్దాయన పని అయ్యేదాకా ఇంటికి రావద్దు."

రెండో స్కీ వంపును ప్లైవుడ్ మీద గీసి, దాని ప్రకారం దిమ్మలు కోశాం. కెన్ రంపం పట్టుకుంటే చూడముచ్చటగా ఉంది. గీత పూర్తయ్యాక దూరం నుంచి చూస్తే మా ఉప్పాడ పడవ అడుగులా కనిపించింది. ఆ మాటే అన్నాను. "మా ఊళ్లో పడవ ముక్కు పైకి లేవకపోతే అల మీదికి ఎక్కదు. అడుగు బల్లపరుపుగా చేస్తే జాలర్లు తన్నితగలేస్తారు."

"మరి నిన్న ఎందుకు తట్టలేదు?" అన్నాడు కెన్, మొదటిసారి నవ్వుతూ.

"మా భాషలో దీనికి రెండు మాటలున్నాయి. చెడిపోయి వంగితే వంకర. కావాలని వంచితే వంపు. మీ బెంట్‌ని నేను వంకర అని చదువుకున్నాను."

"వాంపూ" అని ఆయన రెండుమూడుసార్లు పలికి చూసుకున్నాడు.

క్లాంపులు విప్పగానే చెక్క కొంత వెనక్కి వస్తుంది. అందుకని కావలసినదానికన్నా కాస్త ఎక్కువే వంచాలి. ఎంత ఎక్కువ అన్నది మా ఇద్దరికీ తెలియదు, అంచనాయే. రాత్రి పొద్దుపోయాక హీటరు ఆపి, బిగించినది బిగించినట్టే వదిలేసి వెళ్లాం. ఆదివారం పొద్దున్నే విప్పి చూస్తే చీపురుపుల్ల మందం తేడా ఉంది. దాచకుండా ఆయనకు చూపించాను. "దీన్ని కుడికాలికి పెడదాం. ఆ కాలు నీ తప్పును మోయగలదు" అన్నాడు. బైండింగులు రెండూ పరీక్షించి, చీటీ మీద సంతకం పెట్టాను.

గ్రాహం, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు టీ కప్పులు పట్టుకుని తమాషా చూడటానికి నిలబడ్డారు. జీన్ ఎర్ర కోటు వేసుకుని వచ్చింది. కెన్ సంచిలోంచి ఆవిడ బూట్లు తీయగానే ముఖం మారిపోయింది. "నా వల్ల కాదు కెన్. అందరి ముందు నన్ను పడేయకు" అంది. ఆయన బతిమాలలేదు. మోకాళ్ల మీద కూర్చుని బూట్లు విప్పి పట్టుకున్నాడు, అంతే. ఆవిడ చాలాసేపు అలాగే నిలబడి, చివరికి ఆయన భుజం ఆసరా చేసుకుని కాలు పెట్టింది.

వాలులో మూడోవంతు మాత్రమే ఎక్కారు. మొదటి మలుపులో కుడి స్కీ తడబడింది. నేను సరిచేసిన స్కీ! యేసయ్యా, ఈ తల్లిని పడనివ్వకు అనుకున్నాను. ఆవిడ తమాయించుకుంది. రెండో మలుపుకి స్కీలు రెండూ కాలికింద అలవోకగా తిరిగాయి. మూడోది, నాలుగోది. కిందికి వచ్చి ఆగి, వెనక్కి తిరిగి తాను దిగివచ్చిన దారి చూసుకుంది. నాకు కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు.

గ్రాహం అప్పటికప్పుడు ఒప్పుకున్నాడనుకునేరు! "ప్లాస్టిక్ మీద సరే, మంచు మీద గ్యారంటీ ఏమిటి?" అని గొణిగి లోపలికి పోయాడు. కాకపోతే ఆదివారం ఉదయాలు జీన్‌కు ఇచ్చాడు. 2007 వచ్చేసరికి పెద్ద కంపెనీలే ఆ వంపుతో స్కీలు చేయడం మొదలుపెట్టాయి. అవి మా కౌంటరు మీదికి వచ్చినప్పుడు గ్రాహం కొనేవాళ్లకు చేతులు ఊపుకుంటూ వాటి గొప్ప చెబుతుంటే, నేను వర్క్‌షాపులో కూర్చుని నవ్వుకునేవాణ్ని. ఆ తడి ప్లాస్టిక్ వాసన, ఆ ఎర్ర కోటు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది.

ఆ స్కీల మీద మొదటిసారి జారిన తర్వాతి ఆదివారం జీన్ ఒక్కతే వర్క్‌షాపుకి వచ్చింది. స్కీలు తుడుస్తుంటే పక్కన నిలబడి, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టుగా చెప్పింది. "ఎనిమిది నెలలు ఆ షెడ్డులోంచి బయటికి రాలేదు డేవ్. ఏంటని అడిగితే మాట దాటేసేవాడు. జారలేని పెళ్లాం పక్కన కూర్చోవడం ఇష్టంలేక తప్పించుకుంటున్నాడనుకున్నాను. మా చెల్లెలింట్లో ఒక గది అడిగిపెట్టుకున్నాను కూడా. ఆ రోజు అందుకే వచ్చాను, వచ్చి అదే చెప్పేసి వెళ్లిపోదామని. సాయంత్రం దానికి ఫోన్ చేసి గది అక్కర్లేదని చెప్పాను."

నా చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. నోరు విప్పి చెప్పడం రాని మనిషి చెక్కతో చెప్పుకున్న మాటను నేను వేడిచేసి, బిగించి, చెరిపేయబోయాను. 2008లో ఆ పని మానేసేదాకా, ఏ జత బల్ల మీదికి వచ్చినా కౌంటరు దాకా నడిచి వెళ్లి, ఇది ఎవరికోసం అని అడిగాకే పనిముట్టు పట్టుకునేవాణ్ని.