పడవకు ఝూలా కట్టిన పెద్దులు

పెద్దులుది కోరుట్ల పక్కన చిన్న ఊరు. కల్లు గీయడానికి తాటిచెట్లెక్కే ఇంట్లో పుట్టాడు, పదిహేనేళ్లకే నడుముకు మోకు చుట్టుకున్నాడు. ఒమన్ వచ్చి ఆరేళ్లు హెల్పర్‌గా బరువులు మోశాడు. ఈత రాదు. అలాంటివాడికి 2008లో ఒక పడవను నీళ్ల మీంచి లేపి గాల్లో నిలబెట్టే పని పడింది. ఆ సంగతి అడిగితే నవ్వుతూ మొదలుపెడతాడు, తన తప్పు దగ్గరికొచ్చేసరికి ఇంకా ఎక్కువ నవ్వుతాడు.

బర్కా ఊరు దాటాక, నేల లోపలికి చొచ్చుకొచ్చిన ఒక సముద్రపు పాయ ఒడ్డున ఒక ముసలి అరబ్బు ఆసామి ఇల్లుంది. పనివాళ్లంతా ఆయన్ని అర్బాబ్, అంటే యజమాని, అనేవారు. అంతకు ముందటేడు గోను తుఫానులో ఆయన తెరచాప పడవ గోడకు కొట్టుకుని ముక్కలైంది. ఇంకోటి కొనుక్కున్నాడు గానీ, దాన్ని నీళ్లలో వదిలేసి పడుకోవడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. అందుకని పెద్దులు పనిచేసే కంపెనీని పిలిచి లిఫ్ట్ కట్టమన్నాడు. నీళ్లలో నాలుగు ఇనప స్తంభాలు, వాటి మధ్య ఉక్కు తాళ్లకు వేలాడే చట్రం, తాళ్లు చుట్టడానికి మోటరు. చట్రాన్ని నీళ్లలోకి దించి, పడవను దాని మీదికి తెచ్చి మీట నొక్కితే రెండూ కలిసి పైకొస్తాయి. సైట్‌లో అందరూ దాన్ని ఝూలా, అంటే ఉయ్యాల, అనేవారు.

కంపెనీ అంతకుముందు మోటరు పడవలకు రెండు ఝూలాలు కట్టింది. రెండింటికీ పెద్దులు సాయం పట్టాడు. ఈసారి ఫోర్మన్ జహీరుద్దీన్ పనంతా అతని చేతిలోనే పెట్టాడు.

“మంచిగ నిలబెడితే నీ కార్డు మీద హెల్పర్ తీసేసి, బరువులు లేపే రిగ్గర్ అని రాపిస్త. పడవ పడిందనుకో, రుస్తాఖ్ సైట్‌కు పో, మళ్ల పార పట్టు” అన్నాడు.

పెద్దులు నాలుగు రోజులు ఒళ్లు వంచి పనిచేశాడు. అతను చూసిన పడవలన్నీ బర్కా ఇసుక మీద బోర్లించినవీ, లేకపోతే ఆ రెండు మోటరు పడవలూ. పడవ కింద చదునుగా ఉంటుందనే అతని నమ్మకం. చట్రం మీద రెండు దుంగలు దగ్గరగా బిగించి, నడుమ పలకలు పరిచి, పైన మందపాటి కార్పెట్ కొట్టాడు. పెళ్లికొడుకు మంచంలా తయారైందని తనే మురిసిపోయాడు.

ఐదో రోజు ఆ ఇంట్లో వంట చేసే రామసుబ్బమ్మ చాయ్ తెచ్చింది. ఆమెది కడప జిల్లా. ఝూలాను ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది.

“దీని మింద పడవ ఎట్ల కూచుంటాది అబ్బీ? దాని కింద గొడ్డలి మాదిరి రెక్క ఉండాది గదా.”

“పోపు సంగతి నీకెర్క అక్కా. పడవ సంగతి నాకిడిసిపెట్టు.”

“నాకు పోపే తెల్సులే నాయనా. ఆ పడవ లారీ మీద వచ్చిన దినం నా తలకాయ ఆ రెక్కకే కొట్టుకునింది.”

పెద్దులు గ్లాసు కింద పెట్టాడు. రెక్క ఎంతుంటుందని అడిగితే ఆమె నేల నుంచి తన గడ్డం దాకా చెయ్యి చూపించింది. ఇద్దరూ వెళ్లి అర్బాబ్‌ను అడిగారు. ఆయన లారీ మీద తీసిన ఫొటో తెచ్చి, రెక్క మీద వేలుపెట్టి, బరువంతా ఇందులోనే అని సైగ చేశాడు. గాలికి పడవ బోల్తా కొట్టకుండా కాసేది అదేనట. ఆ పెళ్లికొడుకు మంచం మీద పడవ ఆ రెక్క అంచున నిలబడి, మరుక్షణం పక్కకు ఒరిగిపోయేది.

పలకలన్నీ పీకేశాడు. నడుమ రెక్క ఆనడానికి బలమైన దిమ్మె వేశాడు. దుంగల్ని ఎడంగా, ఎత్తుగా జరిపాడు, పసిపిల్లను చంకల కింద పట్టుకున్నట్టు. చట్రం ఇంకా లోతుకు దిగాలని తాళ్లు పొడుగువి వేశాడు. డ్రాయింగ్‌లో ఇలా లేదని జహీరుద్దీన్ సణిగాడు గానీ ఫొటో చూశాక ఊరుకున్నాడు.

పోటు నిండిన ఒక పొద్దున పడవను చట్రం మీదికి తెచ్చారు. ఒకేసారి పైదాకా లేపెయ్యమన్నాడు జహీరుద్దీన్. పెద్దులు మీట మీద చెయ్యి అడ్డం పెట్టాడు. కొత్త మోకుతో ఎవరూ నేరుగా తాటిచెట్టెక్కరు. ముందు నేల మీదే నిలబడి, ఒళ్లంతా వెనక్కి వాల్చి, అది ఆగుతుందో లేదో చూసుకుంటారు.

“జానెడు లేపుడు, ఆగుడు. గంతే సేటూ.”

జానెడు లేపి మోటరు ఆపాడు. ఒక చాయ్ తాగినంత సేపు చూశారు. వెనక ఎడమవైపు తాడు కొంచెం వదులై పడవ అటు వాలింది. దించి, బిగించి, మళ్లీ జానెడు లేపాడు. వాలు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, మళ్లీ బిగించాడు. మూడోసారి నిటారుగా నిలబడింది. అప్పుడు పైదాకా లేపాడు. పడవ నీళ్లు కారుస్తూ పైకొచ్చింది. దాని కింది రెక్కను పెద్దులు అప్పుడే మొదటిసారి కళ్లారా చూశాడు. అర్బాబ్ పడవ పక్కకు భుజం ఆనించి తోశాడు. కదల్లేదు. ఇంకోసారి తోసి, పెద్దులు వీపు మీద చరిచి, లోపలికెళ్లి ఖర్జూరాల పళ్లెం తనే పట్టుకొచ్చాడు.

జహీరుద్దీన్ అక్కడినుంచే ఆఫీసుకు ఫోన్ చేసి కార్డు మీద రిగ్గర్ అని రాయమన్నాడు. ఫోన్ పెట్టేసి, వచ్చే నెల ఇంకో పడవకు ఇలాంటిదే ఝూలా కట్టాలని, సామాన్ల లిస్టు ఇప్పుడే చెప్పమన్నాడు.

“లిస్టు తర్వాత చెప్త సేటూ” అన్నాడు పెద్దులు, ఖర్జూరం నములుతూ. “ముందుగాల ఆ పడవ కడుపు కిందికి దూరి చూసొస్త.”