వాగు దాటించిన బాబాయి

టాటానగర్ సోనారిలో మా పక్క వీధిలో ఉండే బాబాయి కొండల్లో దొరికారని ఫోను వచ్చింది. 'దొరికారు' అన్న మాట చెవిన పడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. అవతల మాట్లాడుతున్నది ఆయనతో పనిచేసే మరో గైడు. ఎలా ఉన్నారని అడిగితే, "బాడీ దొరికిందమ్మా" అన్నాడు. వాగు దిగువన, బండల మధ్య. ఆ కాస్తసేపటి సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

బాబాయి మాకు రక్తసంబంధం కాదు. మా నాన్నగారూ ఆయనా టాటానగర్ రైల్వే కాలనీలో కలిసి పెరిగారు, ఆ వరసే. తోటివాళ్లంతా రైల్వేలోనో స్టీలు ప్లాంటులోనో కుదురుకుంటే ఆయన కొండలు పట్టుకున్నారు. ఎండాకాలం ఉత్తరాఖండ్‌లో గైడు. చలికాలం ఊరి దగ్గరి దల్మా కొండ బండల మీద మా ఊరివాళ్లకు ఎక్కడం నేర్పేవారు.

నడిచేటప్పుడు ఆయన మన ముఖం చూసేవారు కాదు, కాళ్లు చూసేవారు. "బాగానే ఉన్నానని మొకం సెప్తాది. దాన్ని నాను నమ్మను" అనేవారు. శిఖరం ఇంకెంత దూరమని అడిగితే విసుక్కునేవారు. "ఎక్కడం మీ సరదా. దింపడం నా డ్యూటీ. దాని గురించి అడగండి." బిష్టుపూర్ బజారులో కొత్త బూట్లు కొన్నవాళ్లను ఇంటికి పిలిచి, అవి తొడిగించి, డాబా మెట్లు ఎక్కించి దింపించేవారు. లోపల్నించి పిన్ని, "వచ్చినోళ్లని టీ అయినా తాగనిత్తారా?" అని కేకేసేది.

ఈసారి వానలు మొదలయ్యే ముందు మా స్కూలు టీచర్లం కొందరం ఆయన వెంట ఉత్తరాఖండ్ కొండలకు వెళ్లాం. వానలు ముందే వచ్చేశాయి. ఒక పొద్దున్న ఆయన ఆకాశం చూసి "వెనక్కి" అన్నారు. మాలో ఒకావిడ గొణిగింది. ఆయన పట్టించుకోలేదు. అందరికీ రొట్టెలు పంచి, తను తర్వాత తింటానని సంచీ భుజాన వేసుకున్నారు.

కిందికి వచ్చేసరికి వాగు మీది దుంగల వంతెన కొట్టుకుపోయింది. బురదనీళ్లు రాళ్లను దొర్లించుకుంటూ పోతున్నాయి. నడుముకు తాడు కట్టుకుని ముందు తనే దాటారు. తాడును అవతల చెట్టుకు బిగించి, తిరిగి వచ్చి ఒక్కొక్కరినే దాటించారు. నా వంతు వచ్చింది. నడిమధ్యలో నా కాళ్లు ఆగిపోయాయి. ఆయన మళ్లీ నీళ్లలోకి దిగారు.

"ఏటమ్మా, ఒణుకుతున్నావా? ఒణుకు, పర్లేదు. నా భుజం సూడు, నీళ్లు సూడకు. ఆరామ్ సే, నిదానంగా."

ఆ భుజం పట్టుకునే గట్టెక్కాను.

అప్పుడే అవతలి ఒడ్డు నుంచి కేక. మా సామాను కంచరగాడిదల మీద తెచ్చే మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. పైనుంచి బండ జారి అతని కాలు ఇరుక్కుంది. బాబాయి పెదాలు చలికి నీలంగా ఉన్నాయి. నేను చూశాను. "వత్తాను" అని ఆయన తాడు అందుకున్నారు. నేను వద్దనలేదు. నా ఊపిరి నాకు అందితే చాలన్నట్టు ఉన్నాను.

ఆయన బండ దొర్లించి, అతన్ని తాడుకు తగిలించి ముందు పంపారు. అతను మా ఒడ్డు చేరుతుండగా కొండచరియ విరిగిపడింది. బాబాయి నిలబడిన చోటే లేకుండా పోయింది.

ఊరికి వచ్చాక పిన్నిని చూడటానికి నాకు కాళ్లు రాలేదు. స్కూటర్ తీసి, వాళ్ల మలుపు దాకా వెళ్లి, కద్మా వైపు తిప్పేసేదాన్ని. బతికి వచ్చిన ముఖం ఆవిడకు ఎలా చూపించను? చివరికి ఆవిడే కబురు పంపింది. వెళితే ఒకటే అడిగింది.

"ఆ పొద్దున్న ఏటైనా తిన్నారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "లేదు పిన్నీ. మాకు పెట్టి, తర్వాత తింటానన్నారు."

"అంతే. ఎప్పుడూ అంతే" అంది.

"నేను వెళ్లొద్దని అనలేదు పిన్నీ."

"నువ్వంటే ఆగిపోతారేటి? పెళ్లయిన కాడ్నించి నాను అంటన్నాను. ఆగారేటి?"

ఆ మాటతో ఆవిడ నన్ను వదిలేసింది. నన్ను నేను వదిలేయడమే చేతకావడం లేదు. మీతో ఈ నాలుగు మాటలూ చెప్పుకుంటున్నది అందుకే.

వాళ్లకు పిల్లలు లేరు. అన్నగారి కొడుకు కర్మ చేశాడు. పదో రోజు పొద్దున్న దోముహాని రేవులో అందరం నిలబడి ఉండగా, కాలికి కట్టుతో ఒక మనిషి కుంటుకుంటూ వచ్చాడు. కంచరగాడిదలు తోలే అతను. ఎన్ని రైళ్లు మారాడో, ఎవరెవరిని అడుగుతూ వచ్చాడో. అన్నగారి కొడుకు గుండు చేయించుకుని లేవగానే, అతను వెళ్లి మంగలి ముందు కూర్చుని టోపీ తీశాడు.

"ఆప్ ఉన్‌కే కౌన్?" అన్నాడు మంగలి, ఆయనకు మీరేమవుతారని.

అతను తల వంచాడు. నెరిసిన జుట్టు తడి ఇసుక మీద కొంచెం కొంచెంగా రాలింది.